పసుపు రాయి చెప్పని సంగతి

మునక అంటే మనకు తెలిసినది పుష్కరస్నానం. ముక్కు పట్టుకుని మూడుసార్లు మునిగి, ఒడ్డెక్కి తడిబట్టలు పిండుకుంటే పుణ్యం దక్కుతుంది. ఆ మూడు మునకలకే మనవాళ్ళు పంచాంగం చూస్తారు; ఏ రేవులో లోతు తక్కువో పెద్దలను అడుగుతారు. కరీబియన్ సముద్రంలో బొనైర్ అనే చిన్న ద్వీపం ఉన్నది. అక్కడికి వచ్చేవారు కూడా ముఖ్యంగా మునకకే వస్తారు. వీపున గాలి సిలిండరు కట్టుకుని, ముఖానికి అద్దం తగిలించి, ఒడ్డునుంచి నడుచుకుంటూ సముద్రంలోకి దిగుతారు. ముప్పావుగంట చేపల మధ్య తిరిగి మళ్ళీ నడుచుకుంటూ బయటికి వస్తారు. వెంట పడవ ఉండదు. దారి చూపే మనిషి ఉండడు. ఏ రేవు, ఏ ఘడియ అన్నది ఎవరికి వారే తేల్చుకోవాలి. లెక్క తప్పితే పోయేది పుణ్యం కాదు, ప్రాణం.

బొనైర్ వెనిజులా తీరానికి ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరాన ఉన్నది. భూమధ్యరేఖనుంచి లెక్కిస్తే మన చెన్నైకంటే కాస్త దిగువనే. 1636లో డచ్చివారు దీన్ని ఆక్రమించుకున్నారు. 2010 అక్టోబరు 10 నుంచి ఇది నెదర్లాండ్స్ దేశంలో ఒక ప్రత్యేక పురపాలకం. అయితే బజారులో చెల్లే నాణెం మాత్రం 2011నుంచి అమెరికా డాలరు. ప్రజలు మాట్లాడుకునేది పాపియమెంటు. పోర్చుగీసు, స్పానిషు, డచ్చి, ఆఫ్రికా భాషలు కలిసి పుట్టిన భాష. ముఖ్యపట్టణం పేరు క్రాలెన్‌డైక్. పగడపు గట్టు అనే అర్థంగల డచ్చి మాట నలిగి నలిగి అలా తయారయిందంటారు. పేరుకు తగినట్టే, ఊరి ముందు రోడ్డు దాటి నాలుగడుగులు వేస్తే పగడపు దిబ్బ.

ఈ ఊరి రేవుకు పెద్ద పెద్ద విహార నౌకలు వస్తాయి. ఫ్లోరిడానుంచో, ప్యూర్టో రికోనుంచో బయలుదేరి, రోజుకొక ద్వీపం చొప్పున చూపించి తిరిగి తీసుకుపోయే తేలియాడే హోటళ్ళవి. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు కూడా సెలవుల్లో ఈ నౌకలెక్కడం ఇప్పుడు మామూలయింది. నౌక ఉదయం రేవుకు చేరుతుంది, సాయంకాలం కదిలిపోతుంది. మధ్యన ఉన్న ఆ ఎనిమిది గంటలే ప్రయాణికుడి చేతిలో ఉన్న ఆస్తి.

రాళ్ళు వెలసిన కథ

బొనైర్‌లో పడమటి రోడ్డు వెంట వెళ్తూంటే అక్కడక్కడ పసుపురంగు పూసిన రాళ్ళు కనిపిస్తాయి. ఒక్కొక్క రాతిమీద ఒక్కొక్క పేరు రాసి ఉంటుంది. మన పల్లెల్లో పొలిమేర రాళ్ళలాగా ఉంటాయి. ఆ రాయి ఉన్నచోట సముద్రంలోకి దిగవచ్చునని అర్థం. ద్వీపం చుట్టూ, దాని ఎదురుగా ఉన్న క్లైన్ బొనైర్ అనే నిర్జన దీవి చుట్టూ కలిపి ఇలా పేరు పెట్టిన చోట్లు ఎనభైకి పైగా ఉన్నాయి. వాటిలో సగానికి మించి ఒడ్డునుంచి నడిచి చేరగలిగినవే. ప్రపంచంలో ఇంత సులభంగా అందే పగడపు దిబ్బలు అరుదు.

ఈ సంప్రదాయానికి ఆద్యుడుగా డాన్ స్టీవర్ట్ అనే అమెరికను నావికుణ్ణి చెప్పుకుంటారు. 1962లో తన తెరచాప ఓడలో ఇక్కడికి చేరి, ఇక్కడే ఉండిపోయాడు. కెప్టెన్ డాన్ అంటే ఆ ద్వీపంలో తెలియనివారు లేరు. మొదట్లో అందరిలాగే ఈటెతో చేపలను వేటాడినవాడే, తరువాత ఆ వేట ఆపించడానికి పూనుకున్నాడు. 1971లో ఈటె వేట నిషేధమయింది. 1979లో ద్వీపం చుట్టూ ఉన్న నీరు, పోటు గీతనుంచి 60 మీటర్ల లోతు వరకు, సముద్ర వనంగా రక్షణలోకి వచ్చింది. లంగరు వేయరాదు, పడవలను ముందే పాతి ఉంచిన బోయలకు కట్టుకోవాలి. పగడం తాకరాదు, చచ్చిన ముక్క కూడా తీసుకుపోరాదు. చేతికి తొడుగులు వేసుకోవడం కూడా నిషేధమే. చేతికి తొడుగుంటే మనిషి దేన్నయినా పట్టుకుంటాడు. ఒట్టి చేయి అయితే జంకుతాడు. ఎంత సూక్ష్మం తెలిసి పెట్టిన నిబంధనో చూడండి. కెప్టెన్ డాన్ 2014లో కన్నుమూశాడు. ఆయన చూపిన పద్ధతి నిలిచింది.

ఇన్ని సదుపాయాలున్నా, పసుపు రాయి చెప్పని సంగతి ఒకటున్నది. ఎక్కడ దిగాలో అది చెబుతుంది. ఈవాళ దిగవచ్చునా, నువ్వు దిగవచ్చునా అన్నది చెప్పదు.

లోతు లెక్క

దీనికి కొంచెం నీటి శాస్త్రం తెలియాలి. సిలిండరులో ఉండేది ప్రాణవాయువని చాలామంది అనుకుంటారు. కాదు. సాధారణంగా అది మనం పీల్చే మామూలు గాలే, బిగించి నింపినది. పది మీటర్ల లోతుకు దిగితే శరీరంమీద ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపవుతుంది. ముప్పయి మీటర్లకు నాలుగు రెట్లు. ఒత్తిడి నాలుగు రెట్లయితే ఒక్కొక్క ఊపిరికి ఖర్చయ్యే గాలి కూడా నాలుగు రెట్లే. పన్నెండు మీటర్ల దగ్గర గంటసేపు వచ్చే సిలిండరు, ముప్పయి మీటర్ల దగ్గర అరగంట పైచిలుకుకే ఖాళీ అవుతుంది.

అంతకంటె పెద్ద చిక్కు నత్రజని. లోతున పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలోనూ కండల్లోనూ కరుగుతుంది. నెమ్మదిగా పైకి వస్తే ఊపిరితో పాటు వెళ్ళిపోతుంది. గబగబా వస్తే, మూత తీసిన సోడాలోలాగా బుడగలు కడుతుంది. ఆ బుడగలు కీళ్ళలో చేరితే భరించరాని నొప్పి. వెన్నులో చేరితే కాళ్ళు పడిపోవచ్చు. అందుకే ముప్పయి మీటర్ల లోతున ఉండదగినది సుమారు ఇరవై నిమిషాలే; పద్దెనిమిది మీటర్ల దగ్గరయితే దాదాపు గంట. పైకి వచ్చేటప్పుడు నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించకూడదు. అయిదు మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగి, అప్పుడు తల బయట పెట్టాలి. ఏ స్థితిలోనూ ఊపిరి బిగబట్టరాదు.

ఇదంతా శిక్షణలో నేర్పుతారు. శిక్షణ పొందిన పత్రం లేనివారికి సిలిండరు అద్దెకివ్వరు. పత్రం ఉన్నా సరే, బొనైర్‌లో మొదట సముద్ర వనం రుసుము చెల్లించాలి, నిబంధనలు వినాలి, దుకాణం ఎదుటి నీటిలోనే ఒక పరీక్ష మునక వేసి చూపించాలి. తేలకుండా, అడుగు తాకకుండా నీటిలో నిలకడగా ఉండగలరా అన్నది ఆ పరీక్ష. అది అయిన తరువాతనే స్వంతంగా తిరగనిస్తారు.

ఓడ గడియారం, ఒడ్డు గడియారం

నాతో వచ్చినవాడు నా మేనల్లుడు, హ్యూస్టన్‌లో ఇంజనీరు. ఉత్సాహం ఎక్కువ. రేవు చేరడానికి ముందు రాత్రి నౌక డెక్కుమీద ద్వీపం పటం పరిచి నాలుగుచోట్ల గుర్తులు పెట్టాడు. ఉత్తరాన కర్పాటా, వెయ్యి మెట్లు. దక్షిణాన ఉప్పు వంతెన, హిల్మా హుకర్ ఓడ.

నాలుగూ పేరుమోసిన చోట్లే. వెయ్యి మెట్లంటే నిజంగా వెయ్యి లేవు. అరవై, డెబ్బై మధ్య ఉంటాయి. సిలిండరు మోసుకుని తిరిగి ఎక్కేవాడికి వెయ్యిలా తోస్తాయని ఆ పేరు. హిల్మా హుకర్ 72 మీటర్ల సరుకుల ఓడ. 1984లో చెడిపోయి ఈ రేవుకు చేరితే అధికారులు సోదా చేశారు. లోపల దాచిన గంజాయి పదివేల కిలోలకు పైగా బయటపడింది. కేసు తేలకముందే ఓడలోకి నీరు చేరి, ఆ సెప్టెంబరు 12న మునిగిపోయింది. ఇప్పుడది రెండు దిబ్బల మధ్య ఇసుకలో పక్కకు ఒరిగి పడుకుని ఉన్నది. పై అంచు 18 మీటర్ల లోతున, అడుగు 30 మీటర్ల లోతున.

"మావయ్యా, ఇంతదూరం వచ్చి ఆ ఓడ చూడకుండా పోతే నలుగురూ నవ్వరూ?" అన్నాడు.

"నవ్వనీరా. ముందు ఈ లెక్క చూడు" అని కాగితంమీద గంటలు వేశాను. నౌక కట్టేది ఎనిమిదింటికి. దిగి, దుకాణం చేరి, కాగితాలు పూర్తయ్యేసరికి తొమ్మిదిన్నర. పరీక్ష మునక ముగిసేసరికి పదకొండు. నత్రజని తగ్గడానికి ఒడ్డున గంట విశ్రాంతి. రెండో మునక పన్నెండున్నరకు మొదలయితే ఒంటిగంటన్నరకు ముగుస్తుంది. సామాను కడిగి అప్పగించేసరికి రెండున్నర. నౌకమీద ఉండవలసినది నాలుగున్నరకు.

"ఇంకా రెండు గంటలున్నాయి కదా. ఇంకొకటి పడుతుంది."

"ఆ రెండు గంటలూ పంక్చరయిన టైరుకు, తెగిన పట్టీకి, దారి తప్పడానికి. నౌకవాళ్ళు నడిపే విహారంలో వెళ్తే మనకోసం ఆగుతారు. స్వంతంగా వెళ్తే ఆగరు. పైగా నౌక గడియారం, ద్వీపం గడియారం ఒకటేనని నమ్మకం లేదు. మనం చూసుకోవలసినది నౌకది."

కర్పాటా మొదట కొట్టివేశాము. వెయ్యి మెట్లు దాటాక ఉత్తరపు రోడ్డు ఒంటిదారి. వెళ్ళినదారిన తిరిగి రాకూడదు. రింకన్ గ్రామంమీదుగా చుట్టు తిరగాలి. నాలుగురోజులుండేవారికి అది అందమైన దారి; నౌక ప్రయాణికుడికి కాదు. తరువాత హిల్మా హుకర్. లోతైన మునక ముందు, తేలికది తరువాత వేయడం వాడుక. ఒక్కరోజు యాత్రికుడికి మొదటిది తప్పనిసరిగా పరీక్ష మునక గనుక, లోతైనది రెండోదవుతుంది. అప్పటికే ఒంట్లో కొంత నత్రజని చేరి ఉంటుంది. పడవ లేదు, మార్గదర్శి లేడు, ఇద్దరమూ ఆ నీటికి కొత్త. మావాడు పటంమీద గుర్తును చాలాసేపు చూశాడు గాని, కాదనలేదు.

ఎదుటి నీటిలోనే

మరునాటి పరీక్ష మునక ఊరికి ఆనుకుని ఉన్న బారీ దిబ్బలో. దుకాణం ముందరి నీరే గదా, ఏముంటుందిలే అనుకునేవారు ఒకసారి దిగి చూడాలి. మూడువందలకు మించిన చేప జాతులను ఆ ఒక్క దిబ్బలో లెక్కపెట్టారు. మెట్లు దిగి నడుములోతు నీటిలో కాలి తెడ్డులు తొడుక్కున్నాము. కొద్ది దూరం ఇసుకమీదుగా ఈదితే, పదిమీటర్ల లోతు దగ్గర నేల వాలుగా దిగిపోతుంది. ఆ వాలుమీదనే అసలు దిబ్బ. విసనకర్రలలాంటి ఊదారంగు పగడాలు అలకు ఒరుగుతున్నవి. మెదడు ముడతలున్న బండలున్నవి. చిలుకచేపలు ముక్కుతో రాతిని కొరుకుతూంటే, నీటి అడుగున ఆ పటపట చప్పుడు మరమరాలు నమిలినట్టు వినిపిస్తుంది. ఆ కొరికిన రాయే వాటి కడుపులో పిండి అయి ఇసుకగా బయటపడుతుంది. మనం తెల్లని ఇసుక ఒడ్డు అని ముచ్చటపడేదానిలో చాలాభాగం ఆ చేపల పుణ్యమే.

పన్నెండు మీటర్లకు మించి మేము దిగలేదు. అయినా ఒక తాబేలు కనిపించింది. మావాడు నీటిలోనే చేతులెత్తి దండం పెట్టాడు.

దిగని రాళ్ళు

ఒడ్డున విశ్రాంతి తీసుకుని అద్దె కారులో దక్షిణానికి వెళ్ళాము. ఉప్పు వంతెన దగ్గర ఆ రోజు సరుకు ఓడ కట్టి ఉన్నది. ఓడ ఉన్నంతసేపు అక్కడ మునగరాదు. వంతెన స్తంభాల చుట్టూ చేపల గుంపులు చెట్టుకు గబ్బిలాలలా మూగి ఉంటాయని విన్నాము. కాని నియమం నియమమే. రోడ్డుకు అవతల ఉప్పు మళ్ళు గులాబీరంగున మెరుస్తున్నవి. తెల్లని ఉప్పు గుట్టలు వరసగా నిలిచి ఉన్నవి.

ఇంకా కిందికి పోతే సముద్రపు ఒడ్డున నడుముకంటే కాస్త ఎత్తున్న రాతి గుడిసెలు. ఉప్పు తీసే బానిసల కోసం 1850లో కట్టినవి. వంగి దూరవలసిందే, లోపల నిటారుగా నిలబడడానికి వీలులేదు. వారి కుటుంబాలు ఉండేది ఉత్తరాన రింకన్‌లో. వారాంతాన గంటల తరబడి నడిచి ఇల్లు చేరి, మళ్ళీ పనికి అంతదూరమూ నడిచి వచ్చేవారు. 1863 జులై 1న డచ్చి వలసల్లో బానిసత్వం రద్దయింది. ఆ గుడిసెల పక్కనే పసుపు రాయి. దానిమీద బానిస అన్న మాటే పేరుగా ఉన్నది. మునకకు వచ్చినవాడు ఆ పేరు చదివి ఒక్క నిమిషం ఆ గుడిసెలోకి తొంగిచూడకుండా నీటిలోకి దిగితే, ఆ ద్వీపాన్ని సగమే చూసినట్టు.

అక్కడ దిగుదామా అని రాతిమీద కూర్చుని పది నిమిషాలు అలలను చూశాము. ఈ పని చాలా ముఖ్యం. అలలన్నీ ఒక్కలాగే రావు. నాలుగయిదు చిన్నవి వచ్చాక రెండుమూడు పెద్దవి వరసగా వస్తాయి. ఒక్క నిమిషం చూసి దిగేవాడికి చిన్నవే కనిపిస్తాయి. బొనైర్‌లో గాలి సాధారణంగా తూర్పునుంచి వీస్తుంది గనుక పడమటి ఒడ్డు ప్రశాంతం. తూర్పు ఒడ్డు ఎప్పుడూ కల్లోలమే. ద్వీపపు దక్షిణపు కొసకు చేరేకొద్దీ గాలి, ప్రవాహం రెండూ చుట్టుకుని వస్తాయి. నీటిలోకి దిగేటప్పుడు అల వెనక్కి లాగి సాయపడుతుంది. ముప్పావుగంట తరువాత అలసిన కాళ్ళతో, వీపున బరువుతో, నున్నని రాళ్ళమీద పైకి రావలసినప్పుడు అదే అల పడదోస్తుంది. దిగే చోటుకంటె ఎక్కే చోటు ముందు చూసుకోవాలి.

మూడో పెద్ద అల రాళ్ళమీద విరిగి తెల్లగా పరుచుకుంది. "వద్దు మావయ్యా, వెనక్కి పోదాం" అన్నాడు మావాడే. నేను చెప్పనక్కర లేకపోయింది.

వెనక్కి వచ్చి ఊరికి దగ్గరగా, విమానాశ్రయం పక్కనున్న విండ్‌సాక్ అనే రాయి దగ్గర దిగాము. గాలివాటం చూపే గుడ్డగొట్టం అక్కడ ఎగురుతూ ఉంటుంది. అదే ఆ రాతికి పేరు. నీరు నిలకడగా ఉన్నది. ఒడ్డెక్కడానికి చోటు ఉన్నది. మొదట ప్రవాహానికి ఎదురీదాము. సిలిండరులో గాలి మూడోవంతు అయిపోగానే వెనక్కి తిరిగాము. తిరుగుదారిలో ప్రవాహమే మోసుకొచ్చింది. ముందు ప్రవాహంతో పోయి, అలిసిపోయాక ఎదురీదవలసి వచ్చేవాడి గతి వేరుగా ఉంటుంది.

దిబ్బకు వచ్చిన జబ్బు

మనిషి ప్రాణం గురించి ఇంత చెప్పుకున్నాక, దిబ్బ ప్రాణం గురించి కూడా చెప్పాలి. మన ఉంగరాల్లో కుజుడికని పొదిగే ఎర్రపగడం ప్రధానంగా మధ్యధరా సముద్రంలోనిది. అది వేరే జాతి. బొనైర్ దిబ్బను కట్టేవి రాతి పగడాలు. చిన్న చిన్న ప్రాణులు తరతరాలుగా సున్నం పేర్చి కట్టిన ఇల్లు అది. ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే పెరుగుతుంది. మీటరు వెడల్పున్న మెదడు పగడం నూరేళ్ళ పైబడినదై ఉంటుంది.

2014లో ఫ్లోరిడా దగ్గర ఈ రాతి పగడాలకు ఒక తెగులు బయటపడింది. ఇరవైకి పైగా జాతులకు సోకుతుంది. నూరేళ్ళు పెరిగిన పగడాన్ని కొన్ని వారాల్లోనే తెల్లటి ఎముకగా మార్చగలదు. ద్వీపంనుంచి ద్వీపానికి పాకుతూ 2023లో బొనైర్ చేరింది. కొన్ని చోట్లను కొంతకాలం మూసివేశారు. 2023లోనూ, మరుసటి ఏడూ నీరు వేడెక్కి పగడాలు పాలిపోయాయి. రోగం సోకిన పగడాల అంచున మందు ముద్ద పూసేవారున్నారు. నీటి అడుగున కొమ్మలు కట్టి పిల్ల పగడాలను పెంచి మళ్ళీ నాటేవారున్నారు. ఆ నారుమడి పని 2012నుంచి సాగుతున్నది. మనలాంటి యాత్రికుడు చేయగలిగినది చిన్నపని. ఒకచోట మునిగి మరోచోటికి వెళ్ళేముందు తన సామానును శుద్ధి చేసే నీటిలో ముంచి కడగాలి. తడి దుస్తులతో తెగులును మోసుకుపోరాదు.

అందువల్ల ఎన్నిచోట్ల మునిగితే అంత గొప్ప అనే లెక్క ఇప్పుడు బొనైర్‌లో చెల్లదు. ఒక్కరోజు యాత్రికుడికి రెండు మునకలు చాలు. మొదటిది దుకాణం ముందరి నీటిలో, రెండోది ఆ రోజు గాలి ఒప్పుకున్నచోట. పద్దెనిమిది మీటర్లు దాటవద్దు. జతగాడి కంటే ముందుకు పోవద్దు. కారులో విలువైన వస్తువులు పెట్టవద్దు. ఇద్దరిలో ఒక్కరికి మనసు ఒప్పకపోయినా దిగవద్దు, కారణం అడగవద్దు.

మేము సామాను కడిగి అప్పగించేసరికి రెండు నలభై. పక్క తొట్టెలో ఒక డచ్చి ముసలాయన తన కాలి తెడ్డులను ముంచుతున్నాడు. ఏటేటా వస్తాడట. ఇప్పటికి ఎన్ని రాళ్ళ దగ్గర మునిగారని మావాడు అడిగాడు. ఆయన చాలాసేపు వేళ్ళమీద లెక్కపెట్టి, చివరకు వదిలేసి, "దిగకుండా వెనక్కి వచ్చినవి కూడా కలపనా?" అన్నాడు.